పాత కారవాన్ గోడలో చెమ్మ: నేనే విప్పి బాగుచేసిన కథ

కోవెంట్రీలో పొద్దున్నుంచీ వాన. అందుకే ఈరోజు ఎపిసోడ్ మా కారవాన్ లోపలే కూర్చుని చేస్తున్నాను. మధ్యలో పైనుంచి టపటపా శబ్దం వస్తే మైక్ పాడైందనుకోకండి, అది రేకు మీద వాన చప్పుడు. ఏడాదిన్నర కిందట ఈ చప్పుడు వింటే నాకు నిద్ర పట్టేది కాదు. ఆ కథే ఈరోజు చెప్పబోతున్నాను.

కారవాన్ అనగానే మన దగ్గర షూటింగ్ స్పాట్‌లో హీరో కూర్చునే ఏసీ బస్సు గుర్తొస్తుంది. అది కాదండీ. ఇంగ్లాండ్‌లో కారవాన్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు. లోపల గ్యాస్ స్టవ్, ఫ్రిజ్, రాత్రికి మంచంలా మారే సోఫాలు, ఒక చిన్న బాత్రూమ్ ఉంటాయి. ఇక్కడ స్కూల్ సెలవుల్లో హోటల్ రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. పైగా మా అమ్మానాన్న వస్తే బయటి తిండి రెండో పూటకే వద్దంటారు. వంటిల్లు మన వెనకే వస్తే అమ్మ పప్పుచారు పెట్టుకుంటుంది, పిల్లలు కొండలు చూస్తారు. ఇదీ మా ప్లాన్.

ఇంకో కారణం కూడా ఉంది. 1997 జనవరి 1 తర్వాత కారు లైసెన్స్ తీసుకున్నవాళ్లు బరువైన ట్రైలర్ లాగాలంటే ఇంతకుముందు వేరే టెస్ట్ పాసవ్వాల్సి వచ్చేది. 2021 డిసెంబర్ 16 నుంచి గ్రేట్ బ్రిటన్‌లో ఆ టెస్ట్ తీసేశారు. ఇప్పుడు మామూలు కారు లైసెన్స్ మీదే 3,500 కిలోల ట్రైలర్ వరకు లాగొచ్చు. మీ కారు ఎంత లాగగలదో ఆ లిమిట్ మాత్రం దాటకూడదు. నేను ఇక్కడ లైసెన్స్ తీసుకుంది 2018లో. రూల్ మారిందని తెలిసిన రోజు నుంచీ నా ఫోన్‌లో సెకండ్ హ్యాండ్ కారవాన్ల ఫొటోలే.

2022 సెప్టెంబర్‌లో ఒకటి దొరికింది. 1999 మోడల్, నాలుగు బెర్తులు, 1,900 పౌండ్లు. అమ్మినాయన పెద్దవయసు ఇంగ్లీషాయన, చాలా మర్యాదగా మాట్లాడాడు, టీ కూడా ఇచ్చాడు. "డ్యాంప్ ఏమైనా ఉందా?" అని అడిగాను. "బోన్ డ్రై" అన్నాడు, అంటే ఎముకలా పొడిగా ఉందని. ముందు మూలలో మాత్రం వాల్‌పేపర్ కొత్తగా ఉంది, మిగతా గోడంతా పాత పసుపు రంగులో ఉంది. నేనేమనుకున్నానంటే, పాపం కొంత రిన్నొవేషన్ చేయించాడు అనుకున్నా. నవ్వండి, పర్లేదు. ఆయన తెలిసే దాచాడా, లేక ఆయన కొన్నప్పుడే అలా ఉందా అనేది నాకు ఇప్పటికీ తెలియదు. నా తప్పు మాత్రం నాకు తెలుసు. 20 పౌండ్ల డ్యాంప్ మీటర్ కొనకుండా 1,900 పౌండ్ల వస్తువు కొన్నాను. ఆ డబ్బు మా ఆవిడ విడిగా దాచుకున్న డబ్బు. అది మళ్లీ చెప్తాను.

అక్టోబర్‌లో మొదటి గట్టి వాన పడ్డాక డోర్ తెరిస్తే తడి గోనెసంచి వాసన వచ్చింది. ముందు సోఫా కుషన్ ఎత్తి మూలలో బొటనవేలితో నొక్కాను. గోడ లోపలికి వెళ్లింది. పాత అట్టపెట్టెను నొక్కితే ఎలా వెళ్తుందో అలా.

ఇక్కడ ఆ గోడ ఎలా కడతారో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆ కాలపు కారవాన్లలో బయట పల్చటి అల్యూమినియం రేకు ఉంటుంది. లోపల 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద వాల్‌పేపర్. ఈ రెండిటి మధ్య సన్న చెక్క పట్టీలతో ఒక ఫ్రేమ్, ఖాళీల్లో థర్మోకోల్. మొత్తం గోడ మందం మీ ఫోన్‌ని అడ్డంగా నిలబెట్టినంత కూడా ఉండదు. రేకుకి రేకు కలిసే చోట, అంటే టాప్ వచ్చి పక్క గోడను కలిసే అంచు పొడవునా, ఒక అల్యూమినియం పట్టీ స్క్రూలతో బిగిస్తారు. దాన్ని ఆనింగ్ రెయిల్ అంటారు, టెంట్ గుడ్డ దానిలోకి దూర్చి కడతారు కాబట్టి ఆ పేరు. ఆ పట్టీ కింద మాస్టిక్ అనే మెత్తటి బంక ఉంటుంది. నీళ్లు లోపలికి రాకుండా ఆపేది నిజానికి ఆ బంక ఒక్కటే. ఇరవై ఏళ్లకు అది ఎండిపోయి, బిరుసెక్కి, పగుళ్లిస్తుంది. స్క్రూ తుప్పు పడుతుంది. ఆ స్క్రూ చుట్టూ ఉన్న సందులోంచి నీటి చుక్క నేరుగా చెక్కలోకి దిగుతుంది. బయటినుంచి చూస్తే కారవాన్ తళతళలాడుతూ ఉంటుంది.

డ్యాంప్ మీటర్ అంటే రెండు చిన్న సూదులున్న పరికరం. చెక్కలో గుచ్చితే తేమ ఎంత శాతమో చూపిస్తుంది. 15 లోపు ఉంటే హాయిగా ఉండొచ్చు. 15 నుంచి 20 అంటే కన్నేసి ఉంచాలి. 20 దాటితే విషయం ఉన్నట్టే, ఎందుకంటే చెక్కను తినే ఫంగస్‌కి దాదాపు అంత తేమ కావాలి, అంతకన్నా తక్కువైతే అది పెరగలేదు. 30 దాటితే లోపల కుళ్లు మొదలైపోయి ఉంటుందనుకోవచ్చు. నేను అప్పుడు మీటర్ కొని ముందు ఎడమ మూలలో పెడితే 38 చూపించింది. ఇంకో సంగతి, వెనక రేకో, మెటలో ఉంటే మీటర్ తప్పు చూపిస్తుంది, అందుకని ఒకచోట చూసి కంగారు పడకుండా చుట్టూ పది చోట్ల చూడండి. నేను చుట్టూ చూశాను. 34, 36, 31.

ఇప్పుడు నేను చేసిన వెధవ పని. నవంబర్‌లో ఒక శనివారం సిలికాన్ ట్యూబ్ ఒకటి కొనుక్కొచ్చి, ఆ మూలలో రెయిల్ అంచు మీదంతా పూసేశాను. పాత మాస్టిక్ తీయలేదు, రెయిల్ విప్పలేదు. లోపల మెత్తబడ్డ ప్లైవుడ్ మీద కొత్త పల్చటి ప్లై అతికించి, వాల్‌పేపర్ వేశాను. రెండు రోజుల్లో అయిపోయింది. ఫొటో తీసి అత్తగారికి కూడా పంపాం.

అది మూడు రకాలుగా తప్పు. నీళ్లు పైన ఎక్కడో వస్తుంటే కింద అంచు మూసేశాను, అంటే లోపలికి వచ్చిన నీళ్లు బయటికి పోయే దారి నేనే మూసేశాను. రెండోది, నేను కొన్న సిలికాన్ వెనిగర్ వాసన వచ్చే రకం. ఆ రకం ఆరేటప్పుడు వదిలే యాసిడ్ మెటల్‌ని తినేస్తుంది. మూడోది, సిలికాన్ పూసిన చోట తర్వాత ఏ సీలెంటూ సరిగ్గా పట్టదు, గీకి గీకి ఆఖరి పొర దాకా తీయాలి. ఆ గీకడానికే తర్వాత నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది.

జనవరికి కొత్త వాల్‌పేపర్ మీద మరక వచ్చింది. మీటర్ పెడితే 40 పైన. ఒక వర్క్‌షాప్‌లో అడిగితే 2,800 పౌండ్లు అన్నారు, అదీ విప్పాక పెరగొచ్చు అన్నారు. కొన్న రేటు కన్నా రిపేర్ ఎక్కువ. మా ఆవిడ ఏమీ అనలేదు. తిడితే బాగుండేది. ఆ డబ్బు తను డెలివరీ తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరి నెలనెలా పక్కన పెట్టిన డబ్బు, అత్తమ్మా మావయ్యా వస్తే తిప్పాలని. మా వాళ్లకి ఆర్నెల్ల విజిటర్ వీసా వచ్చింది, జూన్‌లో టికెట్లు.

అప్పుడు అమ్మేద్దాం అనుకున్నాను. ఒక కొత్త వాల్‌పేపర్ రోల్ కొని మరక మీద మళ్లీ వేశాను. అవును, వేశాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఫొటోలు పెట్టిన మూడో రోజుకి లెస్టర్ నుంచి ఒక మన తెలుగు జంట వచ్చారు. ఆ అబ్బాయి మాస్టర్స్ అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరాడు. వాళ్ల పాపని కారవాన్ మంచం మీద కూర్చోబెడితే అది ఎగిరి ఎగిరి ఆడుతోంది. అబ్బాయి చుట్టూ చూసి, "అన్నా, డ్యాంప్ ఏమన్నా ఉందా?" అన్నాడు.

నేను అడిగిన ప్రశ్నే, దాదాపు అవే మాటలు. నాకు నోట్లోంచి మాట రాలేదు. మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. నేను డ్రాయర్లోంచి మీటర్ తీసి అతని చేతికిచ్చి, "ఆ మూలలో పెట్టు తమ్ముడూ" అన్నాను. అతను పెట్టాడు. నంబర్ చూశాడు. వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. కోపంగా ఏమీ వెళ్లలేదు, కానీ మళ్లీ ఫోన్ చేయలేదు. ఆ రాత్రి మా ఆవిడ ఒకటే అంది: "విప్పి చూడు. పోతే పోనీ. ఇప్పటికే పోయింది కదా."

మర్నాడు నాన్నతో వీడియో కాల్‌లో చెప్పాను. మాది కాకినాడ దగ్గర పల్లెటూరు, నేను ఇంటర్ చదివే దాకా మాది పెంకుటిల్లే. ప్రతి ఏడాదీ తొలకరికి ముందు నాన్న మనుషుల్ని పెట్టి పెంకులు సర్దించేవాడు. అంతా విని, "ఒరేయ్, చుక్క పడ్డచోట పెంకు మార్చావా నువ్వు?" అన్నాడు. మొదట అర్థం కాలేదు. తర్వాత ఆయనే చెప్పాడు. పెంకు పైన ఎక్కడో పగులుతుంది, నీళ్లు వాసం పట్టుకుని జారుకుంటూ నాలుగు మూరల కింద ఎక్కడో చుక్కగా పడతాయి. కింద గిన్నె పెట్టిన చోటుకి సరిగ్గా పైన ఉన్న పెంకు మార్చినవాడు మళ్లీ వానకి మళ్లీ ఎక్కాల్సిందే. తడి మొదలైన చోటు దాకా వాసం తడుముకుంటూ పైకి వెళ్లాలి.

ఆయన కారవాన్ ఎప్పుడూ చూడలేదు. కానీ నా సమస్య మొత్తం అదే. తడి కనిపించింది ముందు కింది మూలలో. నీళ్లు వస్తోంది ఎక్కడినుంచి?

అది కనిపెట్టడానికి నేను చేసిన పని మీరూ చేయొచ్చు. లోపల సీమ్స్ పొడవునా, కిటికీ చుట్టూ, పై అల్మరాల లోపల కిచెన్ టిష్యూ చింపి టేప్‌తో అతికించాను. మా ఆవిడ టార్చ్ పట్టుకుని లోపల కూర్చుంది. నేను బయట గార్డెన్ పైపుతో సన్నగా నీళ్లు పోశాను, కింది నుంచి మొదలుపెట్టి. కింది అంచు దగ్గర పది నిమిషాలు. ఏం లేదు. కిటికీ రబ్బరు కింద పది నిమిషాలు. ఏం లేదు. తర్వాత కిటికీ పైన. ఆ తర్వాత రెయిల్. కింది నుంచి పైకే వెళ్లాలి, ఎందుకంటే పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదుగా జారతాయి, ఏది కారుతోందో తెలీదు. ప్రెషర్ వాషర్ మాత్రం వాడకండి, అది బాగున్న రబ్బరు సందుల్లోంచి కూడా నీళ్లు తోసేస్తుంది. రెయిల్ మీద పోయడం మొదలుపెట్టిన ఏడు నిమిషాలకి లోపలినుంచి కేక వినిపించింది. టిష్యూ తడిసింది పై అల్మరా లోపల, మరక ఉన్న చోటుకి మీటరున్నర పైన, ఇంకాస్త వెనక్కి. నీళ్లు అక్కడ దూరి, పై పట్టీ వెంట ముందుకు జారి, మూల పట్టీలోంచి కిందికి దిగి, నేల దగ్గర ఆగుతున్నాయి.

చాలామందికి ఇంకో డౌట్ ఉంటుంది, ఇది లీకా లేక లోపలి ఆవిరా అని. లోపల అన్నం వండితే, నలుగురు పడుకుంటే చలికాలంలో అద్దాల మీద నీళ్లు కారతాయి, అది మామూలే. ఆవిరి తడి చల్లటి చోట్లన్నిటా పల్చగా పరుచుకుంటుంది. లీక్ అయితే ఒకచోట అంచు గీసినట్టు మరక ఉంటుంది, వాన పడ్డ మర్నాడు పెరుగుతుంది. ఆవిరి పోవాలనో, చలి ఆపాలనో నేలలో, టాప్‌లో ఉండే గాలి రంధ్రాలు మాత్రం ఎప్పుడూ మూయకండి. అవి గ్యాస్ లీకైతే కిందికి పోవడానికి, స్టవ్ వెలిగినప్పుడు గాలి ఆడటానికి పెట్టినవి. కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు, మనుషుల్ని చంపేస్తుంది. అలారం ఒకటి పెట్టుకోండి.

మార్చిలో విప్పడం మొదలుపెట్టాను. ముందు గ్యాస్ సిలిండర్ తీసి పక్కన పెట్టాను, కరెంట్ వైరు, బ్యాటరీ రెండూ డిస్‌కనెక్ట్ చేశాను. గోడలో వైర్లు ఉంటాయి, గుర్తుపెట్టుకోండి. ప్రతి ముక్కా విప్పేముందు ఫొటో, ప్రతి స్క్రూ సెట్‌కి ఒక జిప్ కవర్, కవర్ మీద మార్కర్‌తో పేరు. మొదటి రోజు ఇది చాదస్తం అనిపించింది. మూడు నెలల తర్వాత తిరిగి బిగించేటప్పుడు ఆ కవర్లే నన్ను కాపాడాయి. మాస్క్, గ్లవ్స్ తప్పనిసరి, బూజు పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం మంచిది కాదు.

మల్టీ టూల్ అని చిన్న బ్లేడ్ అటూ ఇటూ వణికే మెషీన్ ఉంటుంది. దాన్ని 3 మిల్లీమీటర్ల కన్నా లోతుకి పోనివ్వకుండా లోపలి ప్లై కోశాను. నేను అతికించిన వాల్‌పేపర్ కింద ఆ పెద్దాయన వాల్‌పేపర్, దాని కింద ఇంకో పొర. అంటే ఆయన కన్నా ముందు కూడా ఎవరో ఒకరు ఇదే పని చేశారన్నమాట. ఆ పొరలన్నీ ఊడదీస్తే లోపల చెక్క ఉండాల్సిన చోట నల్లగా, పిండిన చెరకు పిప్పిలా ఉంది. చేత్తో తీసేస్తే వచ్చేసింది. సీలింగ్ దాకా మూల పట్టీ మొత్తం, కిటికీ కింద అడ్డపట్టీ మొత్తం పోయాయి. రేకు లోపలి వైపు తెల్ల పొడి, అది అల్యూమినియం తుప్పు. తడి చెక్క ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటే రేకు లోపలినుంచి తినేస్తుంది, సూదిమొన అంత చిల్లులు పడతాయి. నాకు మూడు చిల్లులు కనిపించాయి. బయట పెయింట్ చిన్న పొక్కులా ఉబ్బి కనిపిస్తే దాని అర్థం ఇదే, కొనేటప్పుడు చూసుకోండి.

ఎంతవరకు కోయాలి అన్నది ముఖ్యం. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చుకుంటూ వెళ్లాను. మెత్తగా దిగితే అది పోయినట్టే. గట్టిగా తగిలి, రంగు కూడా మామూలుగా ఉన్న చోటు దొరికాక, అక్కడినుంచి ఇంకో జానెడు అదనంగా కోశాను. మనసొప్పదు, బాగున్న గోడ పాడుచేస్తున్నట్టు ఉంటుంది. నేను మొదట "చాల్లే" అనుకుని ఆగిన చోట మా ఆవిడ మీటర్ పెట్టింది. 24. ఇంకో అరమీటరు కోశాం.

తర్వాత మూడు వారాలు ఏ పనీ చేయలేదు. ఆరనివ్వాలి, అంతే. పైన తార్పాలిన్ కట్టాం, గోడకి ఆనకుండా గాలి ఆడేలా. లోపల డీహ్యూమిడిఫయర్ పెడితే మొదటి వారం రోజుకి లీటరుకి పైనే నీళ్లు పట్టింది. ఆ నీళ్లు పారబోస్తుంటే, ఇవన్నీ గోడలోనే ఉన్నాయా అనిపించేది. హీటర్ గట్టిగా పెట్టి తొందర చేయొద్దు, ప్లై వంకరపోతుంది. మీటర్ అన్నిచోట్లా 15 కిందికి వచ్చాకే కొత్త చెక్క ముట్టుకున్నాం.

కొత్త చెక్క కోసం ప్రత్యేకంగా ఏమీ వెతకక్కర్లేదు. ఇక్కడ ఇంటి కప్పు పెంకుల కింద వేసే పట్టీలు, రూఫింగ్ బ్యాటెన్లు, పురుగు పట్టకుండా మందు పట్టించినవి దొరుకుతాయి. 25 బై 50 సైజు. పాత పట్టీ మందానికి సరిపోయేలా చిత్రిక పట్టాను. పాతదీ కొత్తదీ కలిసే చోట రెండిట్లోనూ సగం మందం కోసి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, పాలీయురేథేన్ గ్లూ వేసి బిగించాను. ఊరికే ఎదురెదురు అతికిస్తే రోడ్డు మీద కుదుపులకి విడిపోతుంది. రేకు చిల్లులు లోపలినుంచి శుభ్రం చేసి ఎపాక్సీతో మూశాను.

థర్మోకోల్ దగ్గర ఒక సీన్ జరిగింది. తొందరగా పట్టుకుంటుందని చెప్పుల వాళ్లు వాడే లాంటి ఘాటైన గ్లూ పూశాను. నా కళ్లముందే షీట్ ఐస్‌క్రీమ్‌లా కరిగిపోయింది. సాల్వెంట్ ఉన్న చాలా గ్లూలు అంతే చేస్తాయి. డబ్బా మీద థర్మోకోల్‌కి పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి. ఇంగ్లీష్‌లో పాలీస్టైరీన్ అని ఉంటుంది. లోపలి కొత్త ప్లై అతికించాక అది ఆరేదాకా నొక్కి పట్టాలి కదా, దానికి ఎదురు గోడ నుంచి కర్రలు అడ్డం పెట్టి బిగించాను. రెండు రోజులు కారవాన్ లోపల సాలెగూడులా ఉంది.

అసలు పని ఇంకా బయటే ఉంది. రెయిల్. దాదాపు నాలుగున్నర మీటర్ల పట్టీ, అరచెయ్యంత దూరానికొక స్క్రూ. సగం స్క్రూల తలలు తుప్పుతో ఊడిపోయాయి, డ్రిల్ వేసి తీయాల్సి వచ్చింది. పట్టీని ఒక్కరే పట్టుకుంటే వంగిపోతుంది, ఒక ఫ్రెండ్‌ని బిర్యానీ ఆశ చూపి పిలిచాను. కింద పాత మాస్టిక్ కొన్నిచోట్ల సుద్దలా, కొన్నిచోట్ల పనస బంకలా ఉంది. ప్లాస్టిక్ గీకుడు బిళ్లతో, వైట్ స్పిరిట్‌తో తుడిచి తుడిచి రేకు అసలు రంగు కనిపించేదాకా తీశాం. ఇనుప బ్లేడ్ వాడితే రేకు గీతలు పడుతుంది.

కొత్తగా వేసింది బ్యూటైల్ మాస్టిక్ టేప్. త్వరగా గట్టిపడని రకం. కొంతమంది బాగా అతుక్కుపోయే పాలీయురేథేన్ సీలెంట్ వేస్తారు, అది గట్టిదే, కాదనను. కానీ పదేళ్ల తర్వాత మళ్లీ రెయిల్ విప్పాల్సి వస్తే రేకు చిరుగుతుంది. విప్పే రోజు మళ్లీ వస్తుందనుకుని చేయడమే నాకు నచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు, ప్రతి రంధ్రంలో కొంచెం మాస్టిక్. బిగిస్తుంటే రెండువైపులా బంక ఉబికి బయటికి రావాలి, రాకపోతే అక్కడ ఖాళీ ఉన్నట్టే. అది ఓ వారం సర్దుకోనిచ్చి, మళ్లీ ఒకసారి స్క్రూలు బిగించి, అప్పుడు అదనపు బంక గీకేశాం.

మొత్తం 11 వీకెండ్లు. సామానుకి 430 పౌండ్లు అయ్యింది, మల్టీ టూల్‌తో కలిపి. డీహ్యూమిడిఫయర్ ఒక కొలీగ్ దగ్గర అప్పు తెచ్చుకున్నాను. మీ కారవాన్ ఇంకా కొత్తదైతే, వారంటీ ఉంటే, ఏదీ ముట్టుకోకండి. ఇప్పుడొచ్చే కొన్ని మోడళ్లలో గోడలో చెక్కే ఉండదు, అక్కడ ఈ పద్ధతి పనికిరాదు. నడుస్తుంటే నేల మెత్తగా, స్పాంజిలా అనిపిస్తే అది వేరే రోగం, నేల పొరలు విడిపోవడం. దానికి రంధ్రాలు వేసి రెసిన్ ఎక్కిస్తారు. గ్యాస్ పైపు పని మాత్రం సర్టిఫైడ్ ఇంజనీర్‌కే వదిలేయండి, అక్కడ నేను కూడా డబ్బులిచ్చాను.

వాల్‌పేపర్ మళ్లీ వేయలేదు. మా ఆవిడ వద్దంది. తెల్ల పెయింట్ వేశాం, ఏ చిన్న మరక వచ్చినా కనిపించాలని.

జూలైలో అమ్మానాన్నల్ని తీసుకుని వేల్స్ వెళ్లాం, స్నోడోనియా కొండల దగ్గర ఒక క్యాంప్‌సైట్. బ్రిటన్‌లో బాగా వానలు పడే చోట్లలో అదొకటి, నా ఖర్మ. రెండో రాత్రి పదకొండుకి మొదలైంది, రేకు మీద చప్పుడుకి పక్కవాళ్ల మాట వినపడటం లేదు. అమ్మా పిల్లలూ హాయిగా నిద్రపోతున్నారు. నేను టార్చ్ వేసి మూల చూడటానికి లేచాను. లేచేసరికి నాన్న అప్పటికే అక్కడ ఉన్నాడు. చీకట్లో పై అల్మరా తెరిచి, లోపల పట్టీ వెంట అరచేయి రాసుకుంటూ వెళ్తున్నాడు.

"ఏంటి నాన్నా?" అన్నాను.

"తడి లేదురా," అన్నాడు. చెయ్యి లుంగీకి తుడుచుకుని వెళ్లి పడుకున్నాడు.

మొన్న ఏప్రిల్‌లో మీటర్ పెడితే ఆ మూల 13 చూపించింది. కుడివైపు వెనక మూల మాత్రం 18 ఉంది. నిరుడు 16 ఉండేది. ఇదిగో చూడండి, ఇక్కడ, ఈ కిటికీ పక్కన. పైకి ఏమీ తెలియట్లేదు కదా? కుడివైపు రెయిల్ నేను ఇంకా ముట్టుకోలేదు, అది 1999 నాటి మాస్టిక్కే. సెప్టెంబర్‌లో వానలు ముదరకముందే అది విప్పుతాను. ఈసారి కెమెరా పెట్టి విప్పుతాను, స్టెప్ బై స్టెప్ మీకు కనిపించేలా. లెస్టర్ తమ్ముడు కూడా వస్తానన్నాడు, ఈమధ్య ఒక పార్టీలో కలిశాడు. వాళ్లు కూడా ఒకటి కొనబోతున్నారట, నా మీటర్ అప్పు అడిగాడు. ఇచ్చాను.

సరే అండీ, వాన కొంచెం తగ్గినట్టుంది. ఉంటాను మరి.